నాన్నగారికి 70 నిండుతున్నాయి, ఏం ఇస్తే మనసారా వాడుకుంటారు?

తెనాలి_చిన్నోడు
అందరికీ నమస్కారం. వచ్చే డిసెంబరులో మా నాన్నగారికి 70 నిండుతాయి. అక్కా నేనూ కలిసి ఏదైనా మంచిది ఇద్దామనుకుంటున్నాం. పాతిక వేల దాకా పెట్టగలం. కానీ ఏది తెచ్చినా "నాకెందుకురా ఇవన్నీ, పిల్లలకి కొనుక్కోండి" అంటారు. ఇప్పటిదాకా ఇచ్చినవన్నీ బీరువా కింది అరలో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. చొక్కా గుడ్డలు, స్మార్ట్ వాచీ, అక్క తెచ్చిన షేవింగ్ సెట్టు. చొక్కా గుడ్డకి ధర చీటీ కూడా అలాగే ఉంది.

ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మతో కలిసి ఊళ్లోనే ఉంటారు. పొద్దున పేపరు, సాయంత్రం రామాలయం అరుగు మీద కబుర్లు. మోకాళ్లు కాస్త నొప్పులు, మిగతా ఆరోగ్యం బాగానే ఉంది. టీవీ సౌండు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. ఇప్పటికీ వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా ఈయనే వెళ్లి వేస్తారు. పిలవకుండా వేరేవాళ్లని తెచ్చుకుంటే చిన్నబుచ్చుకుంటారు. ఇలాంటి మనిషికి ఏం ఇవ్వాలో చెప్పండి.

డల్లాస్_నుంచి
పెద్ద స్క్రీన్ ఉన్న టాబ్లెట్ కొనండి. మా నాన్నకి అదే కొన్నాను. పేపర్లన్నీ అందులోనే చదువుతారు, వీడియో కాల్‌లో మనవరాలి మొహం పెద్దగా కనిపిస్తుంది. ఇచ్చే ముందే అన్నీ సెట్ చేసి, అక్షరాలు పెద్దవి చేసి, అక్కర్లేని యాప్‌లు తీసేసి ఇవ్వండి. పెట్టెలోంచి తీసి "ఇదిగో నాన్నా" అని చేతిలో పెడితే మాత్రం అది కూడా బీరువాలోకే పోతుంది. ఒక వారం పక్కన కూర్చుని నేర్పాలి.

ఓరుగల్లు_బిడ్డ
టాబ్లెట్ అందరికీ పడదు అన్నా. మా బాపు సింగరేణిల పనిచేసిండు, కొత్తగూడెం. ఆయనకు ఫోను, పెద్ద టీవీ అన్నీ కొనిచ్చినం. ఏదీ పట్టలే. పోయినేడు ఇంట్లున్న పాత ఫోటోలన్నీ ముందేసుకొని కూసున్నం. పెద్దనాయిన పెండ్లిది, గని కాడ దోస్తులతోని దిగినవి, అమ్మ సంకల నేనున్నది. ఒక్కొక్కటి చూపిచ్చుకుంట "గీయన ఎవరు బాపూ" అంటే సాలు, కథ మీద కథ చెప్పిండు. అవన్నీ స్కాన్ చేపిచ్చి, పేర్లు కింద అచ్చేపిచ్చి పుస్తకం లెక్క కట్టిచ్చిన. ఇంటికొచ్చినోళ్లందరికీ అదే చూపిస్తడు ఇప్పుడు.

చేసేటోళ్లకు రెండు మాటలు. పాత ఆల్బంలకు అంటుకపోయిన ఫోటోను గుంజకుండ్రి, చినుగుతది. పేజీ పేజీనే స్కాన్ చెయ్యాలె. స్కానర్ల 600 డీపీఐ (బొమ్మ ఎంత సన్నగ రావాల్నో చెప్పే లెక్క) పెట్టి చేస్తే చిన్న ఫోటోను జరంత పెద్దగ చేసినా మంచిగొస్తది. ఫోటో ఎనుక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోని రాయుండ్రి. బాల్ పెన్నుతోని రాస్తే ముందు దిక్కు అచ్చు పడుతది.

గడియారం_మామ
తమ్ముడూ, స్మార్ట్ వాచీ బీరువాలో పెట్టారంటే ఆశ్చర్యం లేదు, రోజూ చార్జింగ్ ఎవరు పెడతారు! ఇంట్లో పాత వాచీ ఏదైనా ఉందేమో వెతుకు. ఆ తరంలో ఉద్యోగస్తులకి పెళ్లికో, ఉద్యోగం వచ్చినప్పుడో హెచ్ఎంటీ వాచీ వచ్చి ఉంటుంది. బెంగుళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలుపెట్టారు. జనతా, పైలట్, సోనా ఇవన్నీ తాళం ఇచ్చే వాచీలు. ఆగిపోయిందని సొరుగులో పడేసినవి చాలావరకు పాడైనవి కావు. లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, అంతే. విడదీసి కడిగి, నూనె వేసి, అవసరమైతే లోపలి స్ప్రింగు మారిస్తే మళ్లీ టిక్కుటిక్కుమంటుంది. పైన ఉండేది అక్రిలిక్ అద్దం, గీతలు పడితే పాలిష్ పడుతుంది, పగిలితే మార్చొచ్చు.

రిపేరు చేసేవాడికి ఒక్కటి గట్టిగా చెప్పు: డయల్‌కి రంగు వేయొద్దు. వయసుకి పసుపెక్కిన డయలే ఆ వాచీకి అందం. ఆన్‌లైన్‌లో పాత హెచ్ఎంటీలని తళతళలాడే రంగు డయళ్లతో అమ్ముతుంటారు, వాటిలో చాలావాటికి డయలూ ముళ్లూ తర్వాత వేసినవే. అలాంటిది కొనిస్తే మీ నాన్నగారు ఒక్క చూపులో పట్టేస్తారు.

సిక్కోలు_అమ్మాయి
మీ నాన్నగారు పంచె కడతారా అండీ? కడితే మా పొందూరు ఖద్దరు ఒకసారి చూడండి. పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనలా వాడతారు, చేత్తోనే వడుకుతారు. మా ఊరి ఆడవాళ్ల చేతుల్లో ఆ పని చూస్తూ పెరిగాను, అందుకే ఇంత ఇష్టంగా చెబుతున్నాను. ఎండాకాలం ఒంటి మీద ఉన్నట్టే తెలీదు. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. నూలు సన్నం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది, మీ బడ్జెట్టులో మంచిదే వస్తుంది.

కొనేముందు ఆయన ఎలా కడతారో చూసుకోండి. గోచీ పోసి కట్టేవాళ్లకి నాలుగు మీటర్లకి పైన కావాలి, అడ్డపంచెకి రెండు మీటర్లు చాలు. ఇది చూసుకోకుండా కొన్నవే బీరువాల్లో మిగిలిపోతాయి.

పంతులుగారబ్బాయి
ముందు డిసెంబరు తేదీ నిజమైనదేనా అని అడగండి. ఆ తరంలో చాలామందికి బడిలో వేసినప్పుడు మాస్టారు రాసిన తేదీయే పుట్టినరోజు. మా నాన్నగారి సర్టిఫికెట్టులో జూలై 1 ఉంటుంది. నానమ్మ మాత్రం "గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు, శ్రావణంలో, మంగళగౌరి నోము నాడు పుట్టాడు" అనేది. ఆ వరద 1953 ఆగస్టుది. ఆ సంవత్సరం పంచాంగం, అంటే విజయ నామ సంవత్సరానిది, సంపాదించి నానమ్మ చెప్పిన గుర్తులతో తిథి, నక్షత్రం తేల్చాను. అప్పటినుంచి ఇంట్లో ఆ తిథికే పాయసం. ఆయనకి నేను ఇచ్చిన వాటన్నిటిలోకీ అదే ఎక్కువ నచ్చింది. ఊరందరికీ చెప్పుకున్నారు.

ఇంకో మాట. 60కి షష్టిపూర్తి చేసినట్టే 70కి భీమరథ శాంతి చేసే ఆనవాయితీ ఉంది. వెయ్యి పున్నములు చూసినవాళ్లకి, అంటే సుమారు 80 ఏళ్ల 10 నెలలకి, సహస్ర చంద్ర దర్శన శాంతి. మీ ఇంటి పద్ధతి అమ్మగారిని అడగండి. ఆవిడకి ఏదో ఒక ఆలోచన ఉండే ఉంటుంది, మీరు అడగాలని చూస్తూ ఉంటారు.

చెవిలో_చెప్పు
నేను వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. టీవీ సౌండు వీధి చివరికి వినపడుతోందని మీరు మాటవరసకి రాశారు, నా కళ్లు అక్కడే ఆగాయి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నటి శబ్దాలు. మాట వినపడుతుంది, అందులో స, శ, త లాంటి అక్షరాలు విడివిడిగా తెలియవు. అందుకే "గట్టిగా అరవకు, సరిగ్గా చెప్పు" అని విసుక్కుంటారు. నలుగురిలో కూర్చున్నప్పుడు మరీ కష్టం. మెల్లిగా అరుగు మీదికి వెళ్లడం తగ్గించేస్తారు. అది మొదలవకముందే ఒకసారి పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు, అరగంట పని.

వినికిడి మెషీన్ అవసరమని తేలితే పెట్టించి చూసి, కొన్నాళ్లు ట్రయల్‌కి తీసుకుని కొనండి. అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదటి రెండు రోజుల్లో "గోల గోలగా ఉంది" అని తీసేస్తే కంగారు పడొద్దు.

డల్లాస్_నుంచి
పైన చెప్పింది చాలా ముఖ్యం. అయితే దాన్ని పుట్టినరోజు కానుకగా చుట్టి ఇవ్వకండి. బీపీ మెషీన్, షుగర్ మెషీన్, మెడికల్ చెకప్ కార్డు ఇలాంటివి ఆ రోజున చేతిలో పెడితే "నువ్వు ముసలాడివయ్యావు" అని చెప్పినట్టు ఉంటుంది. ముందే వేరేగా తీసుకెళ్లండి.

సీమ_మిరప
మా నాయన ఆర్టీసీ డ్రైవరు, కదిరి డిపో. చానా ఏండ్లు తిరుపతి బస్సు నడిపినాడు. రిటైరైనాక బస్సెక్కడమే మానేసినాడు, కారుంది కదా అని మేమూ పట్టించుకోలేదు. 65 నిండినప్పుడు నేనూ మా తమ్ముడూ ఆయన్ని అదే రూటులో బస్సుకి తీసుకుపోయినాము. ముందు సీటు, కిటికీ పక్క. ములకలచెరువు, మదనపల్లి, పీలేరు, ప్రతి స్టేజీలో ఎవరో ఒకరు గుర్తుపట్టి పలకరించినారు. పీలేరులో టీ అంగడాయన దుడ్లు తీసుకోలేదు. భాకరాపేట ఘాట్లో ప్రతి మలుపూ రాకముందే చెప్పినాడు, ఇక్కడ రాయి జారుతాది, ఇక్కడ హారన్ కొట్టాల అని. డ్రైవరు పిల్లోడు నవ్వుతా వింటా వచ్చినాడు. కిందికి దిగినాక మా నాయన ఆ పిల్లోని భుజం తట్టి "బాగ నడిపినావు" అన్యాడు.

65 నిండినోళ్లకి తిరుమలలో సీనియర్ సిటిజన్ దర్శనం ఉంటాది, టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో ఇడుస్తారు. అది ముందే చూసి పెట్టుకోని పోయినాము.

తమ్ముడూ, మీ నాయన లైన్‌మన్ కదా. ఆ ఉద్యోగంలో ఆయన మళ్లీ మళ్లీ చెప్పే సంగతి ఏదో ఒకటి ఉంటాది. అది ఏందో చెప్పు ముందు.

తెనాలి_చిన్నోడు
అందరికీ ధన్యవాదాలు. ఇంత మనసు పెట్టి రాస్తారనుకోలేదు. ఒక్కొక్కటిగా చెబుతాను.

వాచీ ఉంది. తాతగారిచ్చిన హెచ్ఎంటీ, అమ్మ పసుపు కుంకాల పెట్టెలో. ఏ మోడలో ఫోటో పెడతాను. పంచె కడతారు, పండగలకీ గుడికీ, గోచీ పోసే కడతారు. వినికిడి పరీక్షకి ఈ నెలలోనే తీసుకెళ్తాను. అక్క చెబితే వింటారు.

మళ్లీ మళ్లీ చెప్పే సంగతి అంటే 1996 తుపాను. కోనసీమలో లైన్లన్నీ పడిపోతే మా జిల్లా నుంచి కూడా మనుషుల్ని పంపారు, అందులో నాన్నగారు ఉన్నారు. కాట్రేనికోన వైపు ఒక బడిలో పడుకునేవాళ్లట. కొబ్బరి చెట్లన్నీ తీగల మీదే పడి ఉంటే ముందు అవి నరికి తీశాకే స్తంభం దగ్గరికి పోగలిగేవాళ్లట. బావుల్లోకి ఉప్పునీళ్లొచ్చి తాగడానికి లేకపోతే ఊళ్లోవాళ్లు పడిపోయిన చెట్ల బొండాలు కొట్టి ఇచ్చేవాళ్లని చెబుతారు. ఒక ఇంటి ముసలావిడ రోజూ వీళ్లకి గంజి కాచి పెట్టిందట. ఆ ఊరికి కరెంటు ఇచ్చిన రాత్రి గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది. మళ్లీ ఎప్పుడూ అటు వెళ్లలేదు.

అప్పుడు వాడిన కటింగ్ ప్లయరు ఇంకా ఆయన దగ్గరే ఉంది. పిడి మీద రబ్బరు ఊడిపోతే నల్ల టేపు చుట్టారు, ఆ టేపు అరిగిపోతే దాని మీద మళ్లీ చుట్టారు. చేత్తో పట్టుకుంటే వేళ్లు కూర్చునే చోట గుంటలు తెలుస్తాయి.

డల్లాస్_నుంచి
ఆ ప్లయరుని గాజు పెట్టెలో పెట్టి, కింద ఆయన పేరు, పనిచేసిన ఏళ్లు చెక్కించి గోడకి తగిలించండి. అద్భుతంగా ఉంటుంది.

ఓరుగల్లు_బిడ్డ
అయ్యో వద్దన్నా. ఫ్యూజు పోతే ఆయన దేనితోని పోతడు మరి? వాడేది తీస్కపోయి గోడకు తగిలిస్తే మనిషి పనిని ఆపినట్టయితది. చేతుల ఉండనియ్యి.

డల్లాస్_నుంచి
నిజమే, అలా ఆలోచించలేదు. దూరంగా ఉండి ఫోటోల్లో చూసే నాలాంటి వాళ్లకి గోడ మీదవే కనిపిస్తాయి. ప్లయరు ఆయన చేతిలోనే ఉండనివ్వండి.

అమలాపురం_కొబ్బరి
తెనాలి తమ్ముడూ, నీ పోస్టు చదివి మా అమ్మకి వినిపించాను. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. 1996 నవంబరు 6 రాత్రి నాకు తొమ్మిదేళ్లు. పెంకులు ఎగిరిపోతుంటే మమ్మల్ని మంచం కిందకి తోసి మా నాన్న తలుపుకి అడ్డం కూర్చున్నారు. తెల్లారి చూస్తే కొబ్బరి తోట నేలమట్టం. కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాల్లో సముద్రానికి దగ్గరున్న ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బలుసుతిప్ప, భైరవపాలెం పేర్లు చెబితే ఇప్పటికీ మావాళ్లు మాట్లాడటం ఆపేస్తారు. వెయ్యిమందికి పైగా పోయారు.

తర్వాత చాలా రోజులు చీకటే. స్తంభాలు ఎక్కేవాళ్లు వేరే జిల్లాల నుంచి వచ్చారని మాకు తెలుసు. మా వీధిలో పనిచేసినాయనది కడప అని, ఆ మాట వింటే నవ్వొచ్చేదని గుర్తు. మళ్లీ లైటు వెలిగినప్పుడు మా అమ్మ హారతి వెలిగించింది బల్బుకి. వాళ్ల పేర్లు మాకెవరికీ తెలీవు. వాళ్లు భోజనం చేశారో లేదో అడిగామే గానీ పేరు అడగలేదు.

మీ నాన్నగారిని తీసుకురండి. ఇదే నా సలహా. సీమ అన్నయ్య చెప్పినదే మళ్లీ చెబుతున్నాను, కానీ ఇక్కడి మనిషిగా చెబుతున్నాను. ఏ ఊరో పేరు కనుక్కోండి. బడి పేరు, పక్కన గుడి, చెరువు, ఏది గుర్తున్నా చాలు, ఊరు నేను వెతికి పెడతాను. ఆ బడి భవనం మారిపోయి ఉండొచ్చు. తోటలు కొన్ని మళ్లీ వేశారు, కొన్నిచోట్ల రొయ్యల చెరువులయ్యాయి. ఆ ముసలావిడ ఇప్పుడు ఉండకపోవచ్చు, వాళ్ల పిల్లలో మనవలో ఉంటారు. అది ముందే మీ నాన్నగారికి చెప్పండి, అక్కడికొచ్చాక తెలిస్తే కష్టపడతారు.

సీమ_మిరప
నేను ఎదురుచూసింది ఇదే. తమ్ముడూ, ఇంక ఆలోచించొద్దు.

పంతులుగారబ్బాయి
నాదొక అనుమానం. ఆయన మళ్లీ ఎప్పుడూ అటు వెళ్లలేదన్నారు. వెళ్లడం కుదరలేదా, వెళ్లాలనిపించలేదా? తుపాను తర్వాత అక్కడ పనిచేసినవాళ్లు చూడకూడనివి చాలా చూశారు. చెప్పకుండా తీసుకెళ్లి ఆశ్చర్యపరచాలని మాత్రం చూడొద్దు. ముందే అడగండి. వద్దంటే అక్కడితో వదిలేయండి.

చెవిలో_చెప్పు
పంతులుగారబ్బాయి మాటకి నా ఓటు. ఇంకొకటి, మెషీన్ అవసరమైతే ప్రయాణానికి నెల ముందే పెట్టించండి. అక్కడ కొత్త మనుషులు, కొత్త యాస, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఆయనకి అక్కడి ప్రతి మాటా వినపడాలి.

తెనాలి_చిన్నోడు
నిన్న రాత్రి అక్కని కూడా లైనులో పెట్టి అడిగాను. "కోనసీమ వెళ్దామా నాన్నా, మీరు పనిచేసిన ఊరికి" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంత దూరం ఎందుకురా" అన్నారు. సరేనని ఊరుకున్నాను. పొద్దున ఆయనే ఫోన్ చేసి "రావులపాలెం మీంచి వెళ్లాలి, అప్పుడు మేం లారీలో వెళ్లాం" అని మొదలుపెట్టారు. ఊరి పేరు చెప్పారు, అమలాపురం అన్నయ్యకి విడిగా పంపించాను. "మీ అమ్మ కూడా వస్తుందిగా" అని రెండుసార్లు అడిగారు. "నాకెందుకురా" అనలేదు.

మోకాళ్ల సంగతి ఉంది కాబట్టి ఎలా తీసుకెళ్తే బాగుంటుందో చెప్పండి.

అమలాపురం_కొబ్బరి
చాలా సంతోషం! కోనసీమలోకి ఇంకా రైలు లేదు. రాజమండ్రి దాకా రైల్లో రండి, అక్కడినుంచి కారు. తెనాలి నుంచి మొత్తం కారులో అయితే ఆయన కాళ్లు పట్టేస్తాయి. ఆయన దారి ఆయనకి కావాలి కాబట్టి రావులపాలెం మీంచే రండి. పక్కనే ఆత్రేయపురం, అమ్మగారికి పూతరేకులు అక్కడ కొనిపెట్టండి. లాడ్జీలో కింది అంతస్తు గది, వెస్టర్న్ టాయిలెట్ ఉందో లేదో ఫోన్ చేసి అడిగాకే బుక్ చేయండి. లేదంటే మా ఇంట్లోనే దిగండి, మొహమాటం వద్దు.

అమ్మగారికి మురమళ్ల వీరేశ్వరస్వామి గుడి చూపించండి, అక్కడ రోజూ స్వామికి కల్యాణం జరుగుతుంది. అటునుంచి ఎదుర్లంక వంతెన మీద యానాం దాకా ఒకసారి తీసుకెళ్లండి. ఆయన వచ్చినప్పుడు ఆ వంతెన లేదు, గోదావరి పాయ గౌతమి దాటాలంటే పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవే దిక్కు. లైన్‌మన్ కదా, నది మీంచి తీగలు ఎలా దాటించారో చూడకుండా కదలరు.

మీరు పంపిన ఊళ్లో మా మేనమామ స్నేహితుడున్నాడు. ఆదివారం వెళ్లి కనుక్కుంటాను. గంజి పోసినావిడ సంగతి కచ్చితంగా తెలిసేదాకా నాన్నగారికి ఏమీ చెప్పకండి.

గోదారి_గట్టు
నేను రాజమండ్రివాణ్ణి, ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. ఎలాగూ మా ఊళ్లో దిగుతున్నారు. మీ నాన్నగారికి రాసే అలవాటు ఉందా? ఉంటే రత్నం పెన్ను ఒకటి తీసుకోండి. స్వదేశీ రోజుల్లో కె.వి. రత్నం గారు మొదలుపెట్టారు, 1935లో గాంధీజీ ఆ కలం అందుకుని ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని చేత్తో తిప్పి చేస్తారు, సిరా డ్రాపర్‌తో నేరుగా గొట్టంలో పోసుకోవాలి. పేరు చెక్కిస్తారు. ఇంకు పెన్నుకి బాల్ పెన్నులా ఒత్తి రాయక్కర్లేదు, పెద్దవాళ్ల వేళ్లకి సుఖం.

తెనాలి_చిన్నోడు
రోజూ డైరీ రాస్తారండీ. పాల లెక్క, కూలీ లెక్క, వాటితో పాటు ఇంటి మీటరు రీడింగు కూడా. పెన్ను తప్పకుండా తీసుకుంటాం, అది అక్క తరఫున. వాచీ సర్వీసుకి గడియారం మామగారు చెప్పినట్టే ఇస్తాను, ప్రయాణానికి చేతికి పెట్టుకుని వస్తారు. సిక్కోలు అక్కా, పంచె కూడా కావాలి. ఆ ఊళ్లోకి పంచె కట్టుకునే వెళ్తానంటున్నారు.

సిక్కోలు_అమ్మాయి
నాన్నగారి ఎత్తు ఎంతో చెప్పండి తమ్ముడూ. ఇప్పుడు కట్టే పంచె ఒకటి టేపుతో కొలిచి పొడవూ పన్నా (వెడల్పు) రెండూ పంపిస్తే ఇంకా మంచిది. అంచు ఏ రంగు ఇష్టమో అమ్మగారిని అడగండి. డిసెంబరు అంటున్నారు కాబట్టి వచ్చే వారంలోపు చెబితే నేనే వెళ్లి చూసి తీసి ఉంచుతాను.